డోలు, నాదస్వరం, నీ వ్యాసం

తిరుపతి

నాయనా,

శబ్ద తరంగాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. శ్రద్ధగానే రాశావు, కానీ పరీక్షకి రాసిన జవాబులా ఉంది. పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం, కంపన పరిమితి మూడింటికీ మొదటి పేరాలోనే నిర్వచనాలు ఇచ్చేశావు. వాటితో పనేమిటో తెలియకముందే చెబితే ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ముందు ఆ అలల బొమ్మ తీసెయ్. శబ్దం గాల్లో మెలికలు తిరుగుతూ పోతుందని పిల్లలు అనుకునేది దాన్ని చూసే. ఆ గీత పీడనం ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తగ్గిందో చూపే గ్రాఫ్ మాత్రమే. కొండమీద క్యూలో వెనక ఎవరో తోస్తే ఆ తోపు ముందుదాకా పాకుతుంది, తోసినవాడు మాత్రం వెనకే ఉంటాడు. గాలి కణాలూ అంతే. కాస్త ముందుకు జరిగి మళ్లీ వెనక్కొస్తాయి. అవి దగ్గరైన చోట సంపీడనం, దూరమైన చోట విరళీకరణం. ఇది సరిగ్గా రాశావంటే శూన్యంలో శబ్దం ఎందుకు పోదో వేరే చెప్పక్కర్లేదు.

"గట్టి శబ్దం తొందరగా చేరుతుంది" అన్న వాక్యం కొట్టెయ్. ఈసారి ఊరేగింపు అర కిలోమీటరు దూరంలో ఉండగా నిలబడి విను. 20 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, డోలు మీద పుల్ల పడ్డాక దాదాపు సెకనున్నరకి గానీ దెబ్బ వినపడదు. అయినా డోలూ నాదస్వరమూ తాళం తప్పవు. గట్టివి ముందు, మెల్లనివి తర్వాత, మంద్రం ఒకప్పుడు, తారం ఇంకొకప్పుడు చేరితే అంత దూరంలో ఆ కీర్తన ఏమైపోవాలి? వేగాన్ని తేల్చేది మాధ్యమం, దాని ఉష్ణోగ్రత. మన మే నెల ఎండలో, 40 డిగ్రీల దగ్గర, అది 355 మీటర్లకి చేరుతుంది.

అదే ఊరేగింపు పక్క వీధిలోకి తిరగనీ. నాదస్వరం పలచబడుతుంది, డోలు మాత్రం మోగుతూనే ఉంటుంది. తరంగదైర్ఘ్యం, అంటే ఒక సంపీడనం నుంచి తర్వాతి సంపీడనం దాకా ఉండే దూరం, ఇక్కడ చెప్పాలి. వేగాన్ని పౌనఃపున్యంతో, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో ఆ సంఖ్యతో, భాగించి చూపించు: డోలు లాంటి 100 హెర్ట్జ్ మంద్ర ధ్వనికి దాదాపు మూడున్నర మీటర్లు, 3,000 హెర్ట్జ్ తార ధ్వనికి 11 సెంటీమీటర్లు. పొడుగు తరంగాలు ఇంటి మూల చుట్టూ సులువుగా వంగి వస్తాయి, పొట్టివి అంతగా వంగవు.

రాత్రి రైలు కూత దూరం నుంచి వినపడటానికి రద్దీ లేకపోవడమే కారణమన్నావు. అది సగమే. నేల దగ్గర గాలి చల్లబడి, పైన వెచ్చగా ఉంటే, పైకెళ్లే శబ్దం కిందికి వంగి మనవైపే వస్తుంది. మధ్యాహ్నం దీనికి తలకిందులు: శబ్దం పైకి వంగిపోతుంది. నాకు బాగా నచ్చిన పేరా ఇదే, ఇంకో నాలుగు వాక్యాలు పెంచు.

మన తిరుపతి దగ్గర వాతావరణాన్ని పరిశీలించే గాదంకి రాడార్ ఇందులోకి ఎందుకొచ్చింది? అది పంపేవి 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు, అవి ప్రయాణించడానికి గాలి అక్కర్లేదు. ఊరి మీద అభిమానం ఉంటే ఇంకో వ్యాసం రాసుకో.

శబ్దం ఎంత గట్టిదో కొలిచే డెసిబెల్స్ లెక్క కూడా సరిచెయ్. 60 నుంచి 70కి పోతే తీవ్రత పది రెట్లవుతుంది, నువ్వన్నట్టు కొంచెం పెరగడం కాదు.

ఇవి దిద్ది వచ్చే వారం పంపు. టైపు చేసి పంపు నాయనా, నీ చేతిరాత చదవడం నా కళ్లవల్ల కావడం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు