బొమ్మలు చించే ముందు కళ్లు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 64. మాది శ్రీకాకుళం. డ్రాయింగ్ మాస్టారిగా చేసి రిటైరయ్యాను. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. రెండేళ్ల కిందట ఒక ఎగ్జిబిషన్‌కి పంపిన ఆరు ఆయిల్ పెయింటింగులూ తిరిగొచ్చేశాయి. అప్పట్నుంచి బ్రష్ పట్టబుద్ధి కావడం లేదు, ఊహ రావడం లేదు. మొన్న మంచం కింద నుంచి వాటిని తీసి చూస్తే నాగావళి నీళ్లకి వేసిన నీలం కూడా మట్టి రంగులా ఉంది. చించిపారేద్దామంటే మా ఆవిడ పడనివ్వలేదు. రాత్రిళ్లు ఎదురొచ్చే బండి లైటు చెదిరినట్టు కనిపిస్తోంది. తిండి, నిద్ర బాగానే ఉన్నాయి. మనవరాలితో పొద్దు గడిచిపోతోంది. ఇది డిప్రెషనేనా? మందులు వాడాలా?

జవాబు: మాస్టారూ, ముందుగా మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. మంచి పని చేశారావిడ.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించినవి నీలం మట్టి రంగులా కనబడటం, బండి లైటు చెదరడం. మీ వయసులో, పైగా షుగర్ ఉన్నవారిలో, ముందుగా అనుమానించాల్సింది శుక్లాన్ని. అది ముదిరేకొద్దీ కంట్లోని కటకం పసుపు, ఆపైన గోధుమ రంగుకి తిరుగుతుంది. నీలం, ఊదా సరిగా లోపలికి వెళ్లవు. మార్పు నెమ్మదిగా వస్తుంది కాబట్టి తేడా కంట్లో ఉందో బొమ్మలో ఉందో మనిషికి తెలీదు. తెల్ల పంచె ఒకటి ఎండలో ఆరేసి, ఒక్కో కన్నూ మూసి చూడండి. ఒక కంటికి తెల్లగా, రెండో కంటికి పసుప్పచ్చగా కనబడితే అనుమానం బలపడినట్టే. రెండు కళ్లకీ ఒకేలా ఉన్నా పరీక్ష మాత్రం మానకండి. షుగర్ వల్ల రెటీనా ఏమైనా దెబ్బతిందేమో కూడా చూడమనండి.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకి 1912లో శుక్లాలని తేల్చారు. భయంతో వాయిదా వేసి వేసి, 1923లో గానీ ఆపరేషన్ చేయించుకోలేదు. ఈలోగా రంగులు పోల్చుకోలేక ట్యూబుల మీద పేర్లు చూసి వాడేవాడు. చూపు కుదుటపడ్డాక పాత బొమ్మలు కొన్నిటిని మళ్లీ దిద్దాడు. దిద్దడానికి అవి మిగిలాయి. అదే మోనే 1908లో, ప్రదర్శనకి ముందు, నచ్చలేదని కనీసం 15 కలువల బొమ్మల్ని తన చేత్తోనే పాడుచేసుకున్నాడు. అవి మరి దక్కలేదు.

డిప్రెషన్ సంగతి. రెండు వారాలకు మించి రోజంతా దిగులు, ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడటం ఉంటే అలా అనుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి ఆ సూచనలు కనబడటం లేదు, మందులూ అక్కర్లేదనిపిస్తోంది. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ మాత్రం ఒకసారి చూపించుకోండి. బతకాలనిపించని ఆలోచన ఎప్పుడొచ్చినా 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి. ఆ టెలీ మానస్ వాళ్లు రాత్రీ పగలూ పలుకుతారు.

ఇక ఊహ. మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగితే రోజులు గడిచిపోతాయి. పని మొదలెడితే మనసు దాని వెనకే కదులుతుంది. మా వైద్యంలో ఇది రోజూ చూస్తుంటాం. మీ ఊళ్లోనే 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారు ఏళ్ల తరబడి చందమామకి ముఖచిత్రాలు వేశారు. నెల తిరిగేసరికి బొమ్మ ఇవ్వాల్సిందే కదా! మీరూ రోజూ ఒకే వేళకి, కిటికీ దగ్గర, అరగంట కూర్చోండి. పోస్ట్‌కార్డంత కాగితం, పెన్సిలు చాలు. ఇంట్లో బుడితి ఇత్తడి చెంబు ఉంటే దాన్నే వెయ్యండి. అంచు మీద వెలుగు ఎక్కడ ఆగుతోందో, సొట్ట దగ్గర ఎలా వంగుతోందో చూసి గియ్యండి. బాగుందా లేదా అని మనవరాలిని కూడా అడక్కండి. మూడు వారాలు ఇంతే.

తిరిగొచ్చిన ఆరింటినీ గోడకేసి తిప్పి పెట్టండి. వారానికొకటి ఇటు తిప్పి, అద్దంలో చూడండి, తలకిందులుగా పెట్టి చూడండి. ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తే రంగుల మాయ తొలగి వెలుగునీడలు ఎక్కడ తప్పాయో తెలుస్తుంది. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరవండి, ఆ ఘాటుకి తలనొప్పి, కళ్లమంట వస్తాయి.

శుక్లమే అని తేలి ఆపరేషన్ చెయ్యాలంటే ముందు షుగర్ అదుపులోకి తెచ్చుకోండి. ఆపరేషనై, కొత్త కళ్లద్దాలు వచ్చేదాకా ఆ నాగావళి మీద ఒక్క చుక్క నీలం కూడా పెట్టకండి.

- మానసిక వైద్యులు, విజయనగరం