బుద్ధి పుట్టుకతో వస్తుందా, పెంపకంతోనా?

‘మా అబ్బాయి తెలివిలో జీన్స్ (జన్యువుల) వాటా ఎంత, పెంపకం వాటా ఎంత?’ అని ఒకరు అడిగారు. ఒక్క మనిషిలో అలా వాటాలు వేయడం కుదరదు. కవలల పరిశోధనల్లో కనిపించే ‘ఇంత శాతం వంశపారంపర్యం’ అనే లెక్కలు జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల గురించి చెప్పేవి. వాటిని చూసి టెన్షన్ పడకండి.

జన్యువులూ పెంపకమూ ఎలా కలిసిపోతాయో చూడాలంటే పీకేయూ (ఫినైల్‌కీటోన్యూరియా) అనే జబ్బునే తీసుకోండి. అమ్మ నుంచి, నాన్న నుంచి లోపమున్న జన్యువు చెరొకటి వస్తేనే ఇది వస్తుంది. పాలు, పప్పు, గుడ్డు, మాంసంలో ఉండే ఫినైల్‌అలనిన్ (ప్రొటీన్లలోని ఒక పదార్థం) ఒంట్లో విరగక రక్తంలో పేరుకుపోయి, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. పక్కా జన్యు సమస్యే, కానీ మందు తిండిలో ఉంది. పుట్టిన కొద్ది రోజులకే మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించి, ఆ పదార్థాన్ని కొలతగా ఇస్తూ పెంచితే బిడ్డ అందరిలాగే చదువుకుంటుంది. 1960ల్లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గుత్రీ కనిపెట్టిన ఈ రక్తపు చుక్క పరీక్ష వాడుకలోకి వచ్చేదాకా చాలామందికి ఆ అదృష్టం లేదు.

ఇంకో చిత్రం: ఆ బిడ్డే పెద్దయి, గర్భంతో ఉండగా పథ్యం వదిలేస్తే, కడుపులో బిడ్డకు పీకేయూ లేకపోయినా తల్లి రక్తంలో పేరుకున్న ఫినైల్‌అలనిన్ వల్లే మెదడు దెబ్బతింటుంది.