రైజెన్ 5 2600 లోడ్‌లో రీస్టార్ట్: చాలావరకు ఆటో వోల్టేజీ వల్లే

మీ రైజెన్ 5 2600 ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి (మామూలు కంటే వేగం పెంచి) 4.0 గిగాహెర్ట్జ్ పెట్టాక 92 డిగ్రీలకు ఎక్కి, స్ట్రెస్ టెస్ట్ (పూర్తి లోడ్‌లో నడిపే పరీక్ష) మొదలైన పది నిమిషాలకే రీస్టార్ట్ అవుతోందని, ఏం చేయాలని అడిగారు. మల్టిప్లయర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే అంకె) మార్చి వోల్టేజీని ఆటోలో వదిలేశారు కదా, చాలావరకు కారణం అదే. అప్పుడు మదర్‌బోర్డు అవసరానికి మించి వోల్టేజీ ఇచ్చి వేడెక్కించేస్తుంది. టెన్షన్ వద్దు, చిప్ పాడైపోయి ఉండకపోవచ్చు.

1. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే సెట్టింగుల్లో) మల్టిప్లయర్ 39కి, అంటే 3.9 గిగాహెర్ట్జ్‌కి, దించండి. కోర్ వోల్టేజీని మాన్యువల్‌కి మార్చి 1.275 వోల్టులు ఇవ్వండి.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే: లోడ్ లైన్ కాలిబ్రేషన్, అంటే లోడ్‌లో వోల్టేజీ జారిపోకుండా పట్టి ఉంచే బయోస్ సెట్టింగ్. మీరు 1.275 ఇచ్చినా, కోర్లన్నీ ఒక్కసారి పనిలోకి దిగగానే అది 1.21కి జారిపోవచ్చు. ఐడిల్‌లో (పనేం లేనప్పుడు) బానే ఉండి లోడ్‌లో పడిపోయేది అందుకే. దాన్ని మధ్య లెవెల్‌లో పెట్టండి. ఉన్నంతలో గట్టి లెవెల్ మాత్రం వద్దు. లోడ్ తగ్గిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగదన్నుతుంది. నేనూ మొదట్లో అదే చేసి రెండు రోజులు తల పట్టుకున్నాను. కొన్ని బోర్డుల్లో లెవెల్ 1 గట్టిది, కొన్నింట్లో అదే మెత్తనిది; మాన్యువల్ చూసుకోండి.

3. టెస్ట్ నడుస్తుండగా హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌వీఐ2 అని రాసి ఉన్న కోర్ వోల్టేజీ చూడండి. బయోస్‌లో ఇచ్చిన అంకె కాదు, లోడ్‌లో కనిపించేదే లెక్క.

4. వేడి 80 డిగ్రీల లోపే ఉండి క్రాష్ అయితే వోల్టేజీ 0.0125 పెంచండి. 85 డిగ్రీలు దాటితే మల్టిప్లయర్ 0.25 తగ్గించండి. వోల్టేజీ 1.35 మాత్రం దాటొద్దు.

బాక్సులో వచ్చిన కూలరే అయితే 3.9 దగ్గర ఆగిపోండి. ఆ 100 మెగాహెర్ట్జ్ తేడా గేముల్లో కంటికి కూడా ఆనదు.