మొరం రోడ్లకు మార్కులేసే పని: సివిల్ డిప్లొమా కుర్రాడికి దారి ఉందా?

ప్రశ్న: మాది ఉట్నూరు దగ్గర గూడెం. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో సివిల్ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టుకు మొరం రోడ్ల పరిస్థితి అంచనా వేయడం ఎంచుకున్నాడు. అన్నీ తారు రోడ్లు అయిపోతుంటే ఈ మట్టిరోడ్ల చదువెందుకని చుట్టాలంటున్నారు. దీనికి భవిష్యత్తు ఉందా? ఏం నేర్చుకోవాలి?

జవాబు: ‘మట్టిరోడ్డు సర్వేయర్’ అని నోటిఫికేషన్ ఎప్పుడూ పడదండీ, అది ముందే చెప్పాలి. కానీ పంచాయతీరాజ్, గిరిజన సంక్షేమ ఇంజినీరింగ్ విభాగాల్లో ఏఈల (అసిస్టెంట్ ఇంజినీర్ల) చేతుల్లో, డీపీఆర్‌లు (పనుల సవివర నివేదికలు) రాసే కన్సల్టెన్సీల్లో ఈ పని రోజూ ఉంటుంది. 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు ఊరికి రోడ్డు వేయడానికి పెట్టుకున్న హద్దు మైదానాల్లో 500 జనాభా, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250. అంతకన్నా చిన్న గూడేలకు మొరమే దిక్కయింది. మీ చుట్టాలు బస్సు తిరిగే రోడ్లు చూసి మాట్లాడుతున్నారు.

అబ్బాయి ముందు తెలుసుకోవాల్సింది గుంతలు లెక్కపెట్టడం కాదు, నీళ్లు ఎటు పోతున్నాయో చూడటం. మొరం రోడ్డు చెడిపోవడం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. ఒకటిన్నర మీటర్ల అల్యూమినియం బాక్సు పైపు, మేస్త్రీల స్పిరిట్ లెవెల్, స్కేలు ఉంటే చాలు. పైపు ఒక కొస రోడ్డు నడిమధ్య ఆనించి, రెండో కొస అంచు వైపు పెట్టి, బుడగ మధ్యకొచ్చేదాకా ఎత్తి పట్టుకోవాలి. ఆ కొస కింద సందు 60 మి.మీ. ఉంటే వాలు 4 శాతం, సరిపోతుంది. 20 మి.మీ. కూడా లేకపోతే వాన నీరు అంచుకు పోదు, నడి రోడ్డు మీదే నిలుస్తుంది. అక్కడ ఎన్నిసార్లు గుంత పూడ్చినా మళ్లీ వానకు లేస్తుంది. కాలువ పూడిపోయిందా, రోడ్డు చదును చేసే గ్రేడరు తోసిన మట్టి అంచున గట్టులా నిలిచి నీళ్లను ఆపేస్తోందా, అదీ రాసుకోవాలి.

తర్వాత మందం. 200 మీటర్లకొక చోట, బండి చక్రాలు నడిచే జాడలో చిన్న గుంత తవ్వి మొరం ఎంత మిగిలిందో కొలవాలి. 150 మి.మీ. వేసింది మూడేళ్లకు 90కి వచ్చిందంటే ఏటా 20 పోతోంది. 3.75 మీటర్ల వెడల్పు రోడ్డుకు పోయిన 60 మి.మీ. తిరిగి వేయాలంటే కిలోమీటరుకు రోలరుతో తొక్కించాక 225 ఘనపు మీటర్లు కావాలి. వదులుగా తెచ్చేది పాతిక శాతం ఎక్కువ, అంటే దాదాపు 280. పది ఘనపు మీటర్ల టిప్పరైతే 28 ట్రిప్పులు. ‘రోడ్డు బాగోలేదు’ అని రాసే రిపోర్టుకూ, ‘28 ట్రిప్పులు కావాలి’ అని రాసే రిపోర్టుకూ ఉన్న తేడాకే జీతమిస్తారు.

రోడ్డంతా అలలు అలలుగా లేచి బండి గడగడలాడుతుంటే మొరంలో బంక తక్కువని అనుమానించాలి. దీనికి దక్షిణాఫ్రికా వాళ్ల లెక్క బాగా పనికొస్తుంది. మట్టి ఎండినప్పుడు పొడవులో ఎంత శాతం ముడుచుకుందో చూసి, దాన్ని 0.425 మి.మీ. జల్లెడ దాటిన శాతంతో గుణిస్తారు. 100 నుంచి 365 మధ్య వస్తే మంచి మొరం. తక్కువైతే అలలు, రాళ్లు లేచిపోవడం. ఎక్కువైతే వానలో జారుడు. ఈ పరీక్షలు కాలేజీ ల్యాబులో ఉండగానే చేసుకోమనండి, పాసై బయటికొచ్చాక జల్లెళ్లు ఎవరూ ఊరికే ఇవ్వరు.

కుదుపు కొలవడానికి ఫోన్ యాప్‌లు వచ్చాయి గానీ, బైకు మీద ఒక అంకె, జీపులో ఒక అంకె వస్తాయి. టైర్లో గాలి, వేగం మారినా తేడానే. వాటిని సరిచూసుకోవడానికి మెర్లిన్ అనే పరికరం ఉంది. బ్రిటన్ రవాణా పరిశోధన సంస్థ వర్ధమాన దేశాల కోసమే చేసింది. ముందు కాలుగా ఒక సైకిల్ చక్రం, దానికి 1.8 మీటర్ల వెనక ఇంకో కాలు, మధ్యలో కదిలే కాలు. చక్రం ఒక్కో చుట్టుకు కాగితం మీద ఒక్కో గుర్తు, మొత్తం 200. రెండు కొసల్లో పదేసి గుర్తులు వదిలేసి మిగతా వెడల్పు మి.మీ.లలో కొలిచి, 0.0471తో గుణించి 0.593 కలిపితే ఐఆర్‌ఐ, అంటే రోడ్డు ఎగుడుదిగుళ్లకు అంతర్జాతీయంగా వాడే అంకె. వెడల్పు 200 వస్తే ఐఆర్‌ఐ పది. వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి వస్తువు నాకు తోచడం లేదు.

సర్వే రెండుసార్లు చేయాలి, మేలో ఒకసారి, వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరుల్లో ఒకసారి. వేసవిలో ఒక్కసారే చూసినవాళ్లు దుమ్ము గురించి రాసి, కొట్టుకుపోయే కల్వర్టు అంచుల్ని వదిలేస్తారు.

చదువు విషయానికొస్తే, డిప్లొమాతో ఏఈ పరీక్షలు రాయొచ్చు. ఏఈఈకి (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు) బీటెక్ కావాలి కాబట్టి ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరడం మంచిది. ఆ తర్వాత గేట్ రాస్తే వరంగల్ నిట్‌లో రవాణా ఇంజినీరింగ్ ఎంటెక్ ఉంది. ఈలోగా కంప్యూటర్‌లో పటాలు గీసే క్యూజీఐఎస్ నేర్చుకోమనండి, ఉచితమే. ‘రోడ్ సర్వే సర్టిఫికెట్’ అంటూ వేలకు వేలు అడిగే కోర్సుల్లో ఇప్పుడే చేర్చకండి. మీ గూడెం దారిలో ఒక్క కిలోమీటరు పైన చెప్పినట్టు కొలిచి, పటం మీద పెట్టి, ఎంత మొరం ఎక్కడ కావాలో రెండు పేజీల్లో రాయమనండి. ఇంటర్వ్యూకు ఆ రెండు పేజీలూ తీసుకెళ్లాలి.