కదిలిన ఇసుక వెంట నడిపించు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, విశాఖపట్నంలో సందర్శకులను తిప్పుతూ వినిపించడానికి నువ్వు రాసుకున్న వ్యాఖ్యానమూ అందాయి. రెండుసార్లు చదివాను. రేవు తెరిచింది 1933లో అనీ, పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది 1978లో అనీ, గాజువాక మున్సిపాలిటీనీ 32 గ్రామాలనూ కలుపుకొని నగరం మహానగర పాలక సంస్థ అయింది 2005లో అనీ నువ్వు ఇచ్చిన సంవత్సరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా చదువుతున్నంతసేపూ శిలాఫలకాలను వరసగా చూసుకుంటూ పోతున్నట్టే అనిపించింది. నువ్వు రాసిన వాటిలో అన్నీ వచ్చినవే. పోయినదీ, పక్కకు జరిగినదీ ఒక్కటీ లేదు. తీరపు నగరంలో ఏదైనా ఒకటి రావాలంటే ఇసుకో, నీళ్ళో, మనుషులో చోటు ఖాళీ చేయవలసి వస్తుంది. అలా కదిలినది ఎక్కడికి చేరిందో చూపించగలిగితే, నగర ప్రణాళిక అంటే ఏమిటో నీ వెంట నడిచేవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఇసుకతోనే మొదలుపెట్టు. మన తూర్పు తీరంలో నైరుతి ఋతుపవనాల కాలమంతా అలలు ఏటవాలుగా ఒడ్డును తాకుతూ ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతాయి. రేవు కట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఉప్పునీటి చిత్తడినేలను తవ్వి లోపలి రేవును సిద్ధం చేస్తూ, దాని ముఖద్వారానికి రక్షణగా డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్ట వేశారు. 1970లలో బయటి రేవు కోసం మరిన్ని అడ్డుకట్టలు సముద్రంలోకి చొచ్చుకు వెళ్ళాయి. అవి ఓడలను కాపాడాయి గాని, ఉత్తరానికి సాగవలసిన ఇసుకకు కూడా అడ్డం పడ్డాయి. ఆర్కే బీచ్ తరచూ కోతకు గురికావడానికి ఇదొక ముఖ్య కారణం. రేవు దగ్గర పూడిక తీసిన ఇసుకను గొట్టాల ద్వారా కోస్టల్ బ్యాటరీ వైపు ఒడ్డున పోయించడం కూడా అందుకే. జలాంతర్గామి ప్రదర్శనశాల గురించి నువ్వు పేజీన్నర రాశావు, దాని ముందు నిలబడిన మనిషి కాళ్ళ కింది ఇసుకలో కొంత యంత్రాలు తెచ్చి పోసినదన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇది నిన్ను తప్పుపట్టడానికి అంటున్నది కాదు. పదిహేనేళ్ళ క్రితం నేనూ ఇలాగే జాలరిపేట దగ్గర ఒక బృందాన్ని నిలబెట్టి, చేతిలో పటం పట్టుకుని, బీచ్ రోడ్డు విస్తరణ గురించి ధారాళంగా చెబుతున్నాను. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన అంతా విని, "అయితే బాబూ, అలివి వల లాగడానికి ఒడ్డేదీ?" అని అడిగాడు. అలివి వలను సముద్రంలో వేసి, రెండు వైపులా మనుషులు ఒడ్డున నిలబడి లాగుతారు. దానికి వెడల్పాటి ఇసుక నేల కావాలి. నా పటంలో రోడ్డు వెడల్పు ఉంది, ఒడ్డు వెడల్పు లేదు. ఆ రోజు మిగిలిన నడకంతా ఆయనే మాట్లాడాడు, నేను విన్నాను.

నీళ్ళ విషయంలో నీకు ఊరి పేర్లే సాయపడతాయి. ముడసర్లోవలోని లోవ కొండల నడుమ పల్లం. చావులమదుంలోని మదుం నీరు పోయే తూము. కొండల మీది వాన సముద్రానికి చేరే దారులను ఉత్తరాంధ్రలో గెడ్డలు అంటాం. నువ్వు వాటిని 'కాలువలు' అని రాశావు. దయచేసి మార్చు, ఎందుకంటే కాలువ మనిషి తవ్వినది, గెడ్డ ఊరికంటే ముందునుంచీ ఉన్నది. ఏ కాలనీలోనైనా గెడ్డకు రెండు పక్కలా గోడలు కట్టి ఇరుకు చేసినచోట బృందాన్ని ఆపి, కొండ ఎటుందో, సముద్రం ఎటుందో వేలితో చూపించు. పెద్ద వాన పడితే ఏమవుతుందో వాళ్ళే ఊహించుకుంటారు.

చట్టాన్ని కూడా కాళ్ళతోనే చెప్పవచ్చు. 1991 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన పెద్దపోటు గీత నుంచి 500 మీటర్ల దాకా నేలను తన పరిధిలోకి తెచ్చింది. అప్పటికే కట్టుబడి నిండిన నగర భాగాల్లో కొత్త భవనాలను ఉన్న రోడ్డుకు నేల వైపునే కట్టుకోవాలన్నది. బీచ్ రోడ్డులో అంతస్తులన్నీ చాలామేరకు ఒక పక్కనే ఎందుకు నిలబడ్డాయో ఈ ఒక్క వాక్యంతో తెలుస్తుంది. తడి ఇసుక నుంచి లోపలికి సుమారు ఏడువందల అంగలు నీ బృందం చేత లెక్కపెట్టించు. అంకె అప్పుడు గుర్తుంటుంది. హుద్‌హుద్ తుపాను (2014 అక్టోబరు 12) గురించి చెప్పేటప్పుడు కూలిన చెట్ల లెక్కలకు బదులు, ఆ తరువాత విద్యుత్ తీగలను భూగర్భంలోకి మార్చిన వీధుల్లో నిలబెట్టి, ఇక్కడ ఏది కనిపించడం లేదో చెప్పమని అడుగు.

మనుషుల సంగతి దగ్గర మాత్రం జాగ్రత్త. ఉక్కు కర్మాగారం గురించి నువ్వు 1966 ఉద్యమాన్నీ, ప్రాణాలర్పించిన 32 మందినీ, 1971 శంకుస్థాపననూ రాశావు, బాగుంది. ఆ కర్మాగారానికి ఊళ్ళు ఇచ్చినవాళ్ళు గాజువాక చుట్టుపక్కల నిర్వాసిత కాలనీల్లో ఉన్నారు. నిర్వాసితులకు గుర్తింపుగా ఇచ్చిన ఆర్ కార్డు అనే మాటను వాళ్ళ నోట వినకుండా ఆ అధ్యాయాన్ని ముగించకు. ఇక వెంకటాపురాన్ని నీ మజిలీల నుంచి తీసెయ్యి. ఒకప్పుడు ఊరికి దూరంగా వెలసిన పరిశ్రమ చుట్టూ ఇళ్ళు ఎలా అల్లుకున్నాయో, 2020 మే 7 తెల్లవారుజామున ఆ ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి ఏమైందో బస్సులోనే చెప్పు. తలుపుల ముందు సందర్శకుల గుంపును నిలబెట్టి చెప్పవలసిన విషయం కాదది.

చివరగా వాక్యం గురించి. నీ ప్రతిలో 'నిర్మించబడింది', 'అభివృద్ధి చేయబడింది', 'తరలించబడ్డారు' వంటివి ఇరవై మూడు లెక్కపెట్టాను. ప్రభుత్వ పత్రాల్లోంచి ఎత్తి రాసేటప్పుడు ఈ 'బడు' మనకు తెలియకుండానే అంటుకుంటుంది. దాని వెనక చేసినవాడు దాక్కుంటాడు. ప్రతిచోటా ఎవరు కట్టారు, ఎవరు తరలించారు అని అడిగి, జవాబు దొరికితే కర్తను పెట్టు, దొరకకపోతే దొరికేదాకా ఆ వాక్యాన్ని పక్కన ఉంచు. వినేవాళ్ళు ఎండలో నిలబడి ఉంటారు కనుక, పలికినప్పుడు ఊపిరి అందని వాక్యాలను కూడా విరిచెయ్యి. నా ఉత్తరాల్లోని పొడుగు వాక్యాలను మాదిరిగా తీసుకోకు.

మొదటి నడకను పౌర్ణమికి దగ్గర్లో, పోటు వేళకు పెట్టుకో. కోస్టల్ బ్యాటరీ దగ్గర నీళ్ళు ఎంత లోపలికి వస్తాయో ముందురోజే వెళ్ళి చూసిరా. సరిచేసిన ప్రతి ఆ తరువాత పంపినా ఫరవాలేదు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దవాడు