ఓటీజీలో గుడ్లు: పచ్చసొన గట్టిపడి తెల్లసొన జిగురుగా ఎందుకు మిగులుతోంది?

మీరు అడిగింది ఇదీ: శ్రీకాకుళంలో ఉంటారు, ఇంట్లో చిన్న ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్, ఉంది. ఫ్రెంచ్ వాళ్లు పింగాణీ కప్పుల్లో మీగడతో చేసే కొకోత్ గుడ్లని 200 డిగ్రీల్లో 20 నిమిషాలు పెడితే పచ్చసొన పొడిపొడిగా అయిపోయింది, చుట్టూ తెల్లసొన మాత్రం పైపైన జిగురుగానే ఉండిపోయింది. ఓవెన్ లేకుండా గ్యాస్ మీద కుదురుతుందా అని కూడా అడిగారు. కుదురుతుంది. నన్నడిగితే గ్యాస్ మీదే నమ్మకంగా వస్తుంది. ఆ సంగతి కిందికి చెబుతాను.

నీళ్ల ట్రే గురించి మీరు రాయలేదు కాబట్టి కప్పుల్ని నేరుగా జాలీ మీదే పెట్టారనుకుంటున్నాను. సగం తప్పు అక్కడే ఉంది. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర తెల్లబడటం మొదలవుతుంది గానీ, అందులో ఎక్కువ భాగం ఉండే ఓవాల్బ్యుమిన్ అనే ప్రోటీన్ గట్టిపడాలంటే 80 దాకా వెళ్లాలి. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70 కల్లా గట్టిపడిపోతుంది. మనకేమో తెల్లసొన ముందు కుదరాలి, పచ్చసొన జారుగా ఉండాలి. అందుకని వేడి పక్కల నుంచీ అడుగు నుంచీ నెమ్మదిగా రావాలి, నడుమనున్న పచ్చసొనకి చివర్లో అందాలి. నీళ్లు చేసే పని అదే. ఓవెన్ 180లో ఉన్నా ట్రేలో నీళ్లు 100 దాటవు, నీళ్లలో మునిగిన మేరకు కప్పు గోడా దాటదు. ఓటీజీ పెట్టె చిన్నది, పై రాడ్ దగ్గరగా ఉంటుంది. పైకి తేలి కూర్చున్న పచ్చసొన ఆ సెగనంతా నేరుగా తీసుకుంది.

మిగతా సగం గుడ్డుది. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే కొట్టి పోస్తే కప్పు అడుగు ఉడికేసరికి పైన ఇంకా చల్లగానే ఉంటుంది. అరగంట ముందు బయట పెట్టండి, లేదా గోరువెచ్చని నీళ్లలో 5 నిమిషాలు వేయండి. గుడ్డు పాతదైతే ఇంకో చిక్కు: చిక్కటి తెల్లసొన పలచబడి నీళ్లలా పారుతుంది, ఎంతసేపు పెట్టినా పచ్చసొన చుట్టూ ఆ జిగురు వదలదు. మన దగ్గర కిరాణా కొట్లో గుడ్ల అట్టలు ఎండాకాలమంతా బయటే ఉంటాయి. నీళ్ల గిన్నెలో వేసి చూడండి, అడుగున అడ్డంగా పడుకుంటే ఈ వంటకి పనికొస్తుంది. ఒక చివర పైకి లేచిందంటే అట్టుకో పులుసుకో వాడుకోండి, తేలితే పారేయండి. పార్వతీపురం వైపు సంతల్లో దొరికే నాటు గుడ్లు బాగుంటాయి, కాకపోతే చిన్నవి, పచ్చసొన వాటా ఎక్కువ. వాటికి ఒకటి రెండు నిమిషాలు తగ్గించాలి.

ఇక కొలతలు. కప్పు 7, 8 సెంటీమీటర్ల వెడల్పు, 4, 5 సెంటీమీటర్ల లోతు, 120 నుంచి 150 మిల్లీలీటర్లు పట్టేది ఒక గుడ్డుకి సరి. మందపాటి పింగాణీ గానీ ఓవెన్‌కి పనికొచ్చే బోరోసిలికేట్ గాజు గానీ వాడండి. మామూలు గాజు గ్లాసు పగులుతుంది, మెలమైన్ కప్పు దగ్గరకి కూడా రానివ్వకండి. స్టీలు గిన్నెలైనా ఫర్వాలేదు, పల్చన కాబట్టి త్వరగా ఉడుకుతాయి, 2, 3 నిమిషాలు ముందే చూడాలి. లోపలంతా వెన్న పూయండి, కప్పుకి 5 గ్రాములు చాలు. అడుగున చిటికెడు ఉప్పు, మిరియాల పొడి చల్లి పెద్ద చెంచాడు మీగడ, అంటే 15 మిల్లీలీటర్లు, పోయండి. గుడ్డుని ముందు వేరే చిన్న గిన్నెలో కొట్టి, పచ్చసొన చెదరలేదని చూసుకుని, మీగడ మీదకి జార్చండి. పైన ఇంకో రెండు చిన్న చెంచాల మీగడ, పచ్చసొన చుట్టూ. ఉప్పు మాత్రం పచ్చసొన మీద నేరుగా చల్లొద్దు, అది తేమ లాగేసి తెల్ల మచ్చలు పడతాయి.

మీగడ విషయంలో కొంచెం ఆగాలి, ఇక్కడే చాలామందికి విరిగిపోతుంది. ఫ్రెంచ్ వాళ్లు వాడేది కొద్దిగా పులిసిన క్రెమ్ ఫ్రెష్, కొవ్వు 30 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. ఆ కొవ్వు వల్లే వేడికి విరగదు. మనకి ప్యాకెట్లో దొరికే ఫ్రెష్ క్రీమ్ 25 శాతం, పనిచేస్తుంది, కానీ టమాటాలాంటి పులుపు పక్కన పెడితే గింజలు కడుతుంది. గేదె పాల మీద కట్టిన మీగడ నా లెక్కలో దానికంటే మెరుగు. కాకపోతే అట్ట కట్టి ఉంటుంది కాబట్టి రెండు చెంచాల పాలు పోసి గిలక్కొట్టి, జల్లెడ పట్టి వాడాలి. వారం రోజులుగా ఫ్రిజ్‌లో పోగేసిన పుల్లటి మీగడ వద్దు, అది నెయ్యికే. మీగడ బదులు పెరుగు అసలే వద్దు, నీళ్లూ ముద్దా విడిపోతాయి. ఆ లేత పులుపే కావాలనిపిస్తే అరకప్పు చిక్కటి మీగడలో ఒక చిన్న చెంచా పెరుగు కలిపి చిక్కబడేదాకా బయట ఉంచి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఉక్కపోతకి నాలుగైదు గంటలు చాలు, రాత్రంతా వదిలితే చెడుతుంది.

ఓటీజీలో అయితే: 180 డిగ్రీలు, 15 నిమిషాలు ముందే వేడెక్కనివ్వండి. కింది రాడ్ ఒక్కటే వెలిగేలా మీట తిప్పండి. ఆ సదుపాయం లేకపోతే కప్పుల మీద రేకు కాగితం వదులుగా కప్పండి. లోతు ట్రేలో మడిచిన నూలు గుడ్డ పరిచి కప్పులు దాని మీద పెట్టండి. జారవు, అడుగు సెగ నేరుగా తగలదు. ట్రేని జాలీ మీద పెట్టాక, కెటిల్‌లో మరిగించిన నీళ్లు కప్పు సగం ఎత్తుకి పోయండి. చల్లనీళ్లు పోస్తే అవి వేడెక్కడానికే పది నిమిషాలు పోతాయి, లెక్కంతా తప్పుతుంది. 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది, కానీ 10వ నిమిషం నుంచే చూడటం మొదలుపెట్టండి. ఓటీజీ మీటలో చూపే అంకె చాలాసార్లు నిజం కాదు. లోపల పెట్టుకునే చిన్న థర్మామీటర్ కొనుక్కుంటే కేకులకీ పనికొస్తుంది.

ఎప్పుడు తీయాలో గడియారం చెప్పదు, కప్పుని కొద్దిగా కదిపితే తెలుస్తుంది. తెల్లసొన అంచుల్లో గట్టిగా, పచ్చసొన చుట్టూ మాత్రం అప్పుడే తోడుకున్న పెరుగులా వణకాలి. ఆ దశలో తీసేయండి. మందపాటి పింగాణీలో వేడి నిలుస్తుంది, నీళ్లలోంచి తీసి బయట పెట్టిన 2 నిమిషాల్లో మిగతాది కుదురుకుంటుంది. పూర్తిగా ఉడికిందని ఓవెన్‌లోనే తేల్చుకుని తీస్తే బల్ల మీదకి వచ్చేసరికి గట్టిపడిపోయి ఉంటుంది.

గ్యాస్ మీద ఇంకా తేలిక. కప్పులు మునగకుండా నిలబడే వెడల్పాటి గిన్నె, సరిపడా మూత. అడుగున గుడ్డ వేసి, కప్పు సగానికి వచ్చేలా నీళ్లు పోసి తెర్లనివ్వండి, తర్వాత సెగ బాగా తగ్గించి కప్పులు దించండి. నీళ్లలో చిన్న బుడగలు మాత్రమే లేవాలి. కుతకుతమంటే కప్పులు ఎగిరి నీళ్లు లోపలికి పడతాయి, తెల్లసొన రబ్బరులా సాగుతుంది. మూతకి పొడి గుడ్డ కట్టండి, లేకపోతే ఆవిరి చుక్కలు కారి మీగడ పలచబడుతుంది. పింగాణీకి 7 నుంచి 9 నిమిషాలు, స్టీలుకి 5, 6. పైన నిలిచిన ఆవిరి వల్ల మీరు చెప్పిన జిగురు సమస్య ఇక్కడ రాదు. ఇడ్లీ పాత్ర అడుగు భాగం దీనికి చక్కగా సరిపోతుంది, రేకులు తీసేసి వాడండి. మైక్రోవేవ్ సంగతి అడగొద్దు, పచ్చసొన పొర బిగిసి పేలుతుంది.

అడుగున కూర వేసుకోవాలంటే తడి లేకుండా వేయించినదే వేయండి. పాలకూర, బచ్చలి, పుట్టగొడుగులు నీళ్లు వదులుతాయి, ఆ నీళ్లే గుడ్డు కింద నిలిచి పలచగా కనిపిస్తాయి. కప్పుకి ఒక పెద్ద చెంచాడు మించొద్దు. వేయించి నలిపిన ఎండు రొయ్యలు వేస్తే ఉప్పు మానేయండి. పలాస జీడిపప్పు బద్దలు నేతిలో వేయించి చివర్లో పైన చల్లితే కరకర బాగుంటుంది. ఫ్రాన్స్‌లో కాల్చిన రొట్టె సన్నగా పొడుగ్గా కోసి ముంచుకు తింటారు. ఇక్కడ బేకరీల్లో ఎక్కువగా దొరికే తియ్యటి పాల రొట్టె దీనికి నప్పదు. నేనైతే ఎర్రగా కాలిన దిబ్బరొట్టె ముక్కలే పెడతాను.

గర్భిణులకీ, చిన్నపిల్లలకీ, పెద్ద వయసువాళ్లకీ జారు పచ్చసొన పెట్టకండి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంటుంది. వాళ్ల కప్పులు ఇంకో 4, 5 నిమిషాలు ఉంచి పచ్చసొన పూర్తిగా గట్టిపడ్డాకే తీయండి, పైన ఇంకో చెంచా మీగడ పోస్తే పొడిబారినట్టు ఉండదు.

ఆరు కప్పులు ఒకేసారి పెడుతుంటే 2, 3 నిమిషాలు కలపండి, ఎనిమిదో నిమిషంలో ట్రేని అటుది ఇటు తిప్పండి. ఓటీజీలో వెనక వైపు కప్పులు ముందు ఉడుకుతాయి. వెన్న, కూర, అడుగు మీగడ రాత్రే వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పొద్దున్న ఆ కప్పుల్ని అరగంట బయట ఉంచకుండా మరిగే నీళ్లలో దించితే పింగాణీ పగులుతుంది.