కరెంటు పోయినప్పుడే వచ్చేవాడు

అమ్మాయ్,

నీ మెయిల్ మొన్న రాత్రే చూశాను, నీ దెయ్యం ప్రేమకథ నాలుగు అధ్యాయాలూ ఆ రాత్రే చదివేశాను, కానీ వెంటనే జవాబు రాయలేదు ఎందుకంటే నువ్వు అడిగినవాటిల్లో ఒకదానికి తొందరపడి ఏదో ఒకటి చెప్పేస్తే నీకు డబ్బు నష్టం, అందుకని పుస్తకం వేస్తామన్న ఆ ప్యాకేజీ వాళ్ళు పంపిన అగ్రిమెంట్ కూడా రెండుసార్లు చదివి ఇప్పుడు కూర్చున్నాను. మేడమ్ అని రాయకు, అక్కా అను చాలు, తెనాల్లో మా వీధి పిల్లలందరూ అలాగే అంటారు.

ముందు ఆ అగ్రిమెంట్ సంగతి. 45 వేలు కడితే 300 కాపీలు వేసి, కవర్ గీయించి, పుస్తకానికి గుర్తింపు నంబరైన ఐఎస్‌బీఎన్ తెప్పించి, రైటర్‌గా లాంచ్ చేస్తాం అన్నారు కదా. కట్టకు. సంతకం అసలే పెట్టకు. ఐఎస్‌బీఎన్ అనేది మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఢిల్లీలో ఉన్న జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, రచయిత సొంతంగా ఆన్‌లైన్లో అప్లై చేసుకోవచ్చు, ఆ 13 అంకెల నంబర్ నీ పేరు మీదే వస్తుంది. దానికి వాళ్ళు ప్యాకేజీలో 3 వేలు వేశారు. సరే డబ్బు పోతే పోయింది అనుకుందాం, ఆరో పేరా చూశావా? "రచనపై సమస్త హక్కులు, అన్ని భాషల్లో, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా" అని ఉంది. అంటే డబ్బులిచ్చేదీ నువ్వే, హక్కులిచ్చేదీ నువ్వే. ఆ పేరా చదివినప్పటి నుంచీ నాకు నిద్ర సరిగా పట్టలేదు, ఎందుకో చెప్తాను.

2003లో నా మొదటి నవల ఒక పబ్లిషర్‌కి 4 వేలకి ఇచ్చాను. అరఠావు కాగితం మీద నాలుగు లైన్లు, కింద నా సంతకం, ఎన్నేళ్ళకి అన్నది ఎక్కడా లేదు. పద్నాలుగేళ్ళ తర్వాత మా తమ్ముడి భార్య వంటింట్లో కూర తరుగుతూ ఫోన్లో ఏదో ఆడియో కథ పెట్టుకుంటే, వెనక గదిలో ఉన్న నాకు నేను రాసిన డైలాగ్ వినపడింది. అక్షరం కూడా మారలేదు. నా పేరు మాత్రం లేదు. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు. తర్వాత తెలిసిన లాయర్ గారొకరు కూర్చోబెట్టి చెప్పారు, 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాగితంలో గడువు రాయకపోతే హక్కులు ఇచ్చింది 5 ఏళ్ళకే అన్నట్టు, ఎక్కడెక్కడ అన్నది రాయకపోతే ఇండియా వరకే అన్నట్టు. నా అయిదేళ్ళు 2008లోనే అయిపోయాయి, నాకు తెలిసింది 2017లో. నోటీసు పంపితే తీసేశారు, అంతే, ఒక్క రూపాయి రాలేదు. అందుకే చెప్తున్నా, ఏ కాగితమైనా సరే మూడు చూడు: ఎన్నేళ్ళు, ఏ రూపంలో (అచ్చా, ఈబుక్కా, ఆడియోనా, సినిమానా, ఒక్కోటీ విడిగా రాయించు), ఎంత ఇస్తారు ఎప్పుడిస్తారు. రాసిన రోజు నుంచే కాపీరైట్ నీది, నీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు నీ వాళ్ళది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా కావాలంటే 500 ఫీజుతో చేయించుకోవచ్చు.

ఇంక నీ రెండో ప్రశ్న, "ఇలాంటివి రాస్తే సాహిత్యం అంటారా అక్కా, దెయ్యంతో ప్రేమేంటి అని ఇంట్లో నవ్వుతున్నారు" అన్నావు. నవ్వేవాళ్ళని ఏం అనకు గానీ వాళ్ళకి మనుచరిత్ర గుర్తు చెయ్యి. పెద్దన రాసింది ఏంటి మరి? వరూధిని అప్సరస, ప్రవరుడు మనిషి, కాళ్ళకి పసరు రాసుకుని హిమాలయాలకి వెళ్ళి ఆ పసరు కరిగిపోయి ఇరుక్కుపోయాడు, ఆమె మనసు పడింది, అతను కాదని ఇంటికెళ్ళిపోయాడు. ఆ విరహంలో ఉన్నప్పుడు, అంతకుముందు ఆమె వద్దన్న గంధర్వుడు ప్రవరుడి రూపం వేసుకొచ్చాడు. అయిదొందల ఏళ్ళ కిందటి మాట ఇది. మనిషి కానివాళ్ళతో ప్రేమ అనేది మనం ఇంగ్లీష్ నవలల నుంచి తెచ్చుకున్నది కాదు, మనింట్లో ఉన్నదే.

ఇందులో నీ మూడో అధ్యాయానికి పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, ఆ గంధర్వుడు పెట్టిన షరతు, దగ్గరైనప్పుడు కళ్ళు మూసుకోవాలి అని. ఎందుకంటే ఆ క్షణంలో అసలు రూపం బయటపడిపోతుంది. ఎంత చిన్న నియమం, కథంతా దాని మీద నిలబడింది చూడు. రెండోది, అది మోసం. అక్కడ కావ్యం దాన్ని కావ్యంగా నడిపించుకుంది, కానీ ఈ రోజుల్లో రాసే నువ్వు అదే పని చేస్తే ఏంటో తెలుసుకుని చెయ్యాలి. నీ కథలో చచ్చిపోయిన కుర్రాడు హీరోయిన్ని ముట్టుకోవడం కోసం ఆమె ఫ్రెండ్ ఒంట్లోకి దూరతాడు, అది నువ్వు చాలా రొమాంటిక్‌గా రాశావు, వర్షం, గోదారి గట్టు, అన్నీ ఉన్నాయి. కానీ ఆ ఫ్రెండ్ సంగతేంటి? ఆ పిల్లకి మర్నాడు పొద్దున ఏం గుర్తుంటుంది? హీరోయిన్‌కి తెలుసా తాను ఎవరి చెయ్యి పట్టుకుందో? ఈ ప్రశ్న నువ్వు వేసుకోలేదు, కథ కూడా వేసుకోలేదు, అందుకే ఆ సీన్ చదువుతుంటే నాకు ప్రేమ కలగలేదు, భయమేసింది. ఆ కుర్రాడు దూరగలిగీ దూరకుండా ఆగిపోతే? ఆ ఆగడమే ప్రేమ అని నాకనిపిస్తుంది, నీ ఇష్టం, కథ నీది.

నియమం గురించి నా అనుభవం ఒకటి చెప్తాను. నా రెండో నవల్లో మేడ మీద పోర్షన్లో అద్దెకి దిగిన టీచరమ్మ, ఆ గదిలో ఎప్పుడో షాక్ కొట్టి చచ్చిపోయిన రేడియో మెకానిక్. అతను కరెంటు పోయినప్పుడే వస్తాడు. 90ల్లో మా ఊళ్ళో వేసవి అంటే కోతలే కదా, ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలీదు, ఆ పిల్ల కొవ్వొత్తి వెలిగించకుండా చీకట్లో కూర్చుని ఎదురు చూస్తూ ఉంటుంది, అందరూ విసుక్కునే కోత కోసం తను ఎదురు చూడటం. సగం దాకా బాగా వచ్చింది, తర్వాత కథ ఎక్కడికీ కదల్లేదు, రెండు నెలలు ఆపేశాను. ఒకరోజు మా ఇంటికి ఇన్వర్టర్ వచ్చింది. మా ఆయన బిగిస్తుంటే చూస్తూ నిలబడ్డాను, నాకు గుండె జల్లుమంది, అయ్యో ఆ అబ్బాయి ఇంక రాలేడు కదా అనిపించింది. ఆ రాత్రే టీచరమ్మ వాళ్ళ నాన్న కూతురు చీకట్లో ఇబ్బంది పడుతోందని అప్పు చేసి ఇన్వర్టర్ కొనుక్కొచ్చే అధ్యాయం రాశాను. విలన్ లేడు, మంత్రగాడు లేడు, ప్రేమగా కొనుక్కొచ్చిన నాన్న, అంతే. ఇప్పటికీ ఆ అధ్యాయం గురించే ఫోన్ చేస్తారు. నియమం గట్టిగా పెట్టుకుంటే కష్టం దానంతటదే కథలోకి నడిచొస్తుంది, నువ్వు కొత్తగా విలన్లని వెతుక్కోనక్కర్లేదు.

నీ హీరో రక్తం తాగే రకం అని రెండో అధ్యాయంలో ఒక సూచన ఇచ్చావు, శవపేటిక కూడా పెట్టావు. రాయొద్దు అనను. కానీ ఆ కుర్రాడిది రాజమండ్రి అన్నావు, వాళ్ళింట్లో కాల్చారా పూడ్చారా? కాలిస్తే ఒళ్ళే లేదు, మరి ఎలా వస్తాడు? పదో రోజు పిండం పెట్టి కాకి కోసం ఎదురు చూడటం నువ్వు చూసే ఉంటావు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోయిందంటారు, ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి నీ పిల్లల్ని చూసుకుంటాం, నీ అప్పు తీరుస్తాం అని మాటిస్తూ ఉంటారు, కాకి రాదు. జనంలో వెనక ఎక్కడో, ఎవరికీ చెప్పుకోలేని ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది, ఆమె ఏం మాటివ్వాలో ఆమెకి ఒక్కదానికే తెలుసు. దీని ముందు శవపేటిక ఎంత?

ఇంకోటి, ఇది మాత్రం అక్కగా గట్టిగానే చెప్తున్నా. నీ నాలుగో అధ్యాయంలో ఊరి చివర గుడిసెలో ముసలావిడ, బాణామతి చేస్తుందని అందరూ భయపడతారు, చివరికి నిజంగానే ఆవిడే చేసిందని తేలుతుంది. తీసెయ్. 80ల్లో వీక్లీల్లో చేతబడి నవలలు ఊపేస్తున్నప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను, అద్దె లైబ్రరీ నుంచి తెచ్చి దుప్పట్లో టార్చి వేసుకుని చదివాను, ఆ మోజులోంచే రచయిత్రినయ్యాను, కాదనను. కానీ తెలంగాణలో బాణామతి, మా వైపు చిల్లంగి అనే అనుమానంతో నిజంగా మనుషుల్ని కొట్టారు, చంపారు, ఇప్పటికీ అప్పుడప్పుడూ పేపర్లో చూస్తున్నాం. ఎక్కువగా ఒంటరివాళ్ళు, పేదవాళ్ళు. మనం దెయ్యాన్ని ఎంతైనా కల్పించుకోవచ్చు, దాని వల్ల ఎవరికీ దెబ్బ తగలదు, గుడిసెలో ముసలావిడ మాత్రం కల్పన కాదు.

ఇంక ఎక్కడ పెట్టాలి అన్నావు. అమెజాన్ వాళ్ళ ఈబుక్ కిండిల్ మీద ఆశ పెట్టుకోకు, 2016 డిసెంబర్లో అయిదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టారు, హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం, అందులో తెలుగు లేదు. ఇంతమంది మాట్లాడే భాషకి చోటు లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అందుకే మనవాళ్ళు ప్రతిలిపి లాంటి యాప్‌లలో ఎపిసోడ్‌లుగా రాస్తున్నారు, నువ్వూ అక్కడే మొదలుపెట్టు, చదివేవాళ్ళు నిజంగా ఉన్నారు, రాత్రి గిన్నెలు కడుక్కుని పిల్లల్ని పడుకోబెట్టి పది నిమిషాలు మనకోసం మిగుల్చుకునే ఆడవాళ్ళు, ఎప్పుడూ వాళ్ళని తక్కువ చెయ్యకు. కానీ పది ఎపిసోడ్‌లు చేతిలో లేకుండా మొదటిది పెట్టకు. రోజుకొకటి ఇవ్వాలని పరిగెడుతూ ఉంటే ఇరవయ్యో ఎపిసోడ్‌కి నీ దెయ్యం నియమాలు నువ్వే మర్చిపోతావు, నేను మర్చిపోయాను, ట్యూబ్‌లైట్ వెలుగులో ఆ మెకానిక్‌ని తీసుకొచ్చి నిలబెట్టాను, నరసరావుపేట నుంచి ఒకావిడ ఫోన్ చేసి అడిగింది, "అదెలాగండీ కరెంటు ఉంది కదా" అని. ఆమెకి నా కథ నాకంటే బాగా గుర్తుంది.

అచ్చు వేసుకోవాలంటే నా పోయిన పుస్తకం లెక్క చెప్తాను, నీకు అంచనా వస్తుంది. డెమీ సైజు, 240 పేజీలు, అంటే ఫారానికి 16 పేజీల చొప్పున 15 ఫారాలు, 500 కాపీలకి ప్రింటింగ్ బైండింగ్ 38 వేలు, డీటీపీ (కంప్యూటర్లో టైప్ చేసి పేజీలు పేర్చడం), ప్రూఫులు, కవర్ కలిపి ఇంకో 12 వేలు. కాపీకి 100 పడింది. వెల 220 పెట్టాను. షాపువాళ్ళకి 40 శాతం, అంటే 88 పోతే నాకు 132 వస్తాయి, అందులో మిగిలేది 32, అదీ పుస్తకం అమ్ముడుపోయాక, డబ్బు చేతికొచ్చాక. రెండేళ్ళు పట్టింది. నేరుగా పాఠకులకి పంపితే కాస్త నయం, కానీ పోస్ట్ ఖర్చు చూసుకోవాలి. రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబర్లో ఆపేశారు, మాలాంటి చిన్నవాళ్ళకి అది పెద్ద దెబ్బ. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఒకటి వచ్చింది, 300 గ్రాముల వరకూ 20 రూపాయలు, 5 కిలోలకి 100, పైన టాక్స్, అయితే అది విద్య, సామాజిక, సాంస్కృతిక, మతపరమైన పుస్తకాలకి అన్నారు, నవల తీసుకుంటారో లేదో మీ కౌంటర్లో ముందే కనుక్కో. అందుకని ఇప్పుడే 500 వెయ్యకు, డిజిటల్ ప్రింటింగ్‌లో 50 కాపీలు వేసి చూడు. ఇంకొకటి, డీటీపీ వాళ్ళు 'అను' అనే, యూనికోడ్ కాని ఫాంట్లలో చేసిచ్చిన ఫైలు ఒక్కటే మిగుల్చుకోకు, దాన్ని మళ్ళీ యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు గల్లంతవుతాయి, నా మూడు నవలలు అలా మళ్ళీ మొత్తం టైప్ చేశాను, భుజం నొప్పి ఇప్పటికీ ఉంది. యూనికోడ్‌లో రాసిన అసలు కాపీ రెండు చోట్ల దాచుకో.

కలం పేరు పెట్టుకోవాలా అన్నావు. పెట్టుకో, సిగ్గు కోసం కాదు, ప్రశాంతత కోసం. ఒకప్పుడు ఆడవాళ్ళ నవలలకి గిరాకీ ఉందని మగవాళ్ళే ఆడపేర్లతో రాశారు, పేరు మార్చుకోవడం మనకి కొత్త కాదు. శృంగారం ఒక్క పేజీ రాస్తే చాలు, రాత్రి పదకొండుకి మెసేజ్‌లు పెట్టేవాళ్ళు తయారవుతారు, జవాబివ్వకు, బ్లాక్ చెయ్యి, వాళ్ళ కోసం ఆ పేజీ మాత్రం తీసెయ్యకు. నేను ఒకసారి తీసేశాను, ఆ పుస్తకాన్ని ఇప్పటికీ మనసారా తెరవలేను.

ఆ ప్యాకేజీ వాళ్ళకి "ఇప్పుడు వద్దండి" అని ఒక్క లైను మెయిల్ పెట్టు, కారణాలు చెప్పనక్కర్లేదు, ఫోన్లో మాత్రం మాట్లాడకు, మాటలతో కరిగించేస్తారు. మూడో అధ్యాయం మళ్ళీ రాసి పంపు, ఆ ఫ్రెండ్ పిల్లకి పేరు కూడా పెట్టలేదు నువ్వు, ముందు పేరు పెట్టు. ఆదివారం మధ్యాహ్నం నాకు ఖాళీనే.

అక్క